అచ్చుకు ముందే పుస్తకం చదవాలంటే: సరిహద్దు ఊరి పాఠకులకు

రాత్రి పది గంటలకు మీ ఫోనులోకి రెండు వందల పేజీల పీడీఎఫ్ వచ్చి పడుతుంది. కింద ఒకే వాక్యం: "వచ్చే నెల అచ్చుకు వెళ్తోంది, ఒకసారి చూసి చెప్పండి." ఆ చూసి చెప్పడం అంటే ఏమిటో పంపినవారికే స్పష్టంగా తెలియదు. మెచ్చుకోమంటున్నారా, తప్పులు దిద్దమంటున్నారా, వెనక అట్టకు నాలుగు వాక్యాలు కావాలా?

నాది పర్లాకిమిడి, ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న ఊరు. పదేళ్ళుగా ఏడాదికి నాలుగైదు పుస్తకాలు ఇలా అచ్చుకు ముందే చదువుతున్నాను. మొదట్లో నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఒక కథల సంపుటిని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎర్ర సిరాతో తిరగరాసి పంపాను. రచయిత మర్యాదస్తుడు. కృతజ్ఞతలు చెప్పాడు, ఒక్క దిద్దుబాటూ తీసుకోలేదు, మరెప్పుడూ ఏదీ పంపలేదు. వాక్యాలు దిద్దేవాళ్ళు ఆయనకు హైదరాబాదులోనే దొరుకుతారు. పర్లాకిమిడి పాఠకుడు మాత్రమే చెప్పగలిగినవి ఆ సంపుటిలో నాలుగు ఉన్నాయి. నా ఎర్ర సిరాలో ఆ నాలుగూ మునిగిపోయాయి. కింద రాసినదంతా ఆ నాలుగింటిని మునగనివ్వకుండా చూసుకునే పద్ధతి.

ముందు అడగండి: ఇది ఏ దశ?

పీడీఎఫ్ తెరవకముందే మూడు ప్రశ్నలు తిరిగి పంపండి. ఇది ఏ దశలో ఉంది? ఎప్పటిలోగా చెప్పాలి? నా నుంచి ఏమి కావాలి? మొహమాటపడితే వారం రోజుల చదువు వృథా అవుతుంది.

దశ ఎందుకు ముఖ్యమంటే, రాతప్రతిలో ఏదైనా మారుతుంది. పాత్రను తీసేయవచ్చు, ముగింపు మార్చవచ్చు. పేజీలు కట్టిన ప్రూఫులో, అంటే అచ్చుకు ముందు తప్పులు చూడడానికి తీసే ప్రతిలో, అలా కుదరదు. ఒక పేరా చేరిస్తే దాని వెనక ఉన్న పేజీలన్నీ జరుగుతాయి, విషయసూచికలో అంకెలు తప్పుతాయి. పైగా ప్రెస్సులో పుస్తకం ఫారాల లెక్కన అచ్చవుతుంది. పెద్ద కాగితాన్ని మడిచి కోస్తే పదహారు పేజీల ఫారం, లేదా ఎనిమిది పేజీలది. 160 పేజీల పుస్తకమంటే పదహారు పేజీల ఫారాలు పది. మీ సలహా వల్ల నాలుగు పేజీలు పెరిగితే ప్రచురణకర్త జేబులో ఇంకో ఫారం ఖర్చు పెరిగినట్టే. అందుకే ఆ దశలో "తండ్రి పాత్రను ఇంకాస్త పెంచి ఉంటే బాగుండేది" అనడం పెళ్ళి పీటల మీద ఉన్నవాడికి సంబంధం బాగాలేదని చెప్పడం లాంటిది.

ఇక మూడో రకం, అచ్చయిపోయి విడుదల తేదీ కోసం ఎదురు చూస్తున్న ప్రతి. అందులో ఏదీ మారదు. మీరు పట్టుకున్న తప్పు తప్పొప్పుల పట్టికకో, రెండో ముద్రణకో పనికొస్తుంది. ఇంగ్లీషు ప్రచురణ రంగంలో ఇంకా దిద్దుబాట్లు పూర్తికాని ముందస్తు ప్రతులను సమీక్షకులకు, పుస్తకాల దుకాణాలకు, గ్రంథాలయాలకు కొన్ని నెలల ముందే పంపడం స్థిరపడిన ఆచారం. అట్ట మీదే రాసి ఉంటుంది, ఇది దిద్దని ప్రతి, అసలు పుస్తకంతో సరిచూడకుండా ఇందులోని వాక్యాలు ఎక్కడా ఉదహరించవద్దు అని. మనకు ఆ ఆచారం లేదనుకోకండి. ముందుమాట రాసే పెద్దలే మన పాతకాలపు ముందస్తు పాఠకులు. కొన్ని ముందుమాటలు చదివితే ఆ పెద్దలు విషయసూచిక దగ్గరే ఆగిపోయారని తెలిసిపోతుంది. అది వేరే సంగతి.

ప్రతి ఎలా వస్తుంది?

ఇంగ్లీషు పుస్తకాలకైతే నెట్‌గ్యాలీ అనే వేదిక 2008 నుంచి ఉంది. పాఠకుడు డబ్బు కట్టనవసరం లేదు. మీరేమి చదువుతారో, సమీక్షలు ఎక్కడ రాస్తారో చెప్పి ఖాతా తెరవాలి, నచ్చిన పుస్తకం అడగాలి. ఇవ్వడమా మానడమా అన్నది ప్రచురణకర్త ఇష్టం. కొన్ని పుస్తకాలు హక్కుల కారణంగా మన దేశంలో ఉన్నవారికి ఇవ్వరు. వచ్చిన ఫైలుకు గడువు ఉంటుంది. మొదటి రోజే ఇరవై పుస్తకాలు అడిగి అన్నిటినీ అటకెక్కించేవాళ్ళను చూశాను. ఒకటి అడగండి, చదవండి, రాయండి, తరువాతే రెండోది.

తెలుగులో ఉత్తరమే దారి. డిసెంబరులో హైదరాబాదులో, జనవరి మొదట్లో విజయవాడలో పుస్తకాల పండుగలు జరుగుతాయి కాబట్టి చాలామంది వాటికి అందేలా పుస్తకం తేవాలని చూస్తారు. అక్టోబరు, నవంబరుల్లో ప్రూఫులు జోరుగా తిరుగుతుంటాయి. మీరు రాయవలసింది దసరా లోపే. ఎక్కువ వాగ్దానం చేయకండి. నేను రాసేది దాదాపు ఇలా ఉంటుంది:

"నమస్కారమండీ. మాది పర్లాకిమిడి. మీ రాబోయే నవల మా ప్రాంతంలో జరుగుతుందని విన్నాను. అచ్చుకు ముందు ఒకసారి ఇస్తే ఊళ్ళ పేర్లు, ఇక్కడి మాట తీరు, మధ్యలో వచ్చే ఒడియా మాటలు, వీటి వరకు చూసి చెప్పగలను. పది రోజులు చాలు. ఎవరికీ చూపించను."

చివరి వాక్యం ఊరికే రాసింది కాదు. దాని వెనక ఒక కథ ఉంది.

కాగితం మీదికి తెచ్చుకోవడం, దొంగచేతికి చిక్కకుండా

ఫోనులో చదవవద్దు. పుస్తకం పేజీని ఫోను తెరలో ఇరికిస్తే అక్షరం ఆవగింజంత అవుతుంది, పెద్దది చేస్తే వాక్యం తెర బయటికి పోతుంది. పది పేజీలకే కన్ను అలసి, కన్ను అలిసిన కోపం రచయిత మీదికి మళ్ళుతుంది. నేను కాగితానికి ఒక వైపే, పక్కపక్కన రెండు పేజీలు వచ్చేలా అచ్చు తీయిస్తాను. వెనక వైపు ఖాళీ, నా రాతలకు.

ఒకసారి ఆ పనికి జిరాక్సు దుకాణం అబ్బాయి వాట్సాప్‌కు ఫైలు పంపాను. కాగితాలు తీసుకున్నాను, డబ్బిచ్చాను, వచ్చేశాను. రెండు వారాల తరువాత ఏదో ధ్రువపత్రం నకలు కోసం వెళితే ఆ అబ్బాయి నవ్వుతూ అడిగాడు: "సార్, ఆ కథలో ఆ అమ్మాయి చివరికి వెనక్కి వస్తుందా? మా అమ్మ రోజూ పడుకునే ముందు ఫోనులో చదువుతోంది, ఇంకా సగంలోనే ఉంది." పుస్తకం విడుదలకు అప్పటికి ఇరవై రోజులు ఉంది. వాళ్ళమ్మ చదవడం నిజానికి రచయితకు గొప్ప గౌరవం. ఆవిడ అక్కకు, మరదలికి, ఆ మరదలు తన మహిళా సంఘం గ్రూపుకు పంపితే మాత్రం, అయిదు వందల ప్రతులు అచ్చు వేసి అమ్ముకోవాలని చూసే చిన్న ప్రచురణకర్త గతి ఏమిటి? ఆ రోజు ఇంటికి వచ్చి రచయితకు ఫోను చేసి నిజం చెప్పేదాకా నాకు అన్నం దిగలేదు.

అప్పటి నుంచి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్తాను. అది కూడా ఆ ఒక్క ఫైలుతో. అచ్చు అవగానే దుకాణం కంప్యూటర్లో డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో నకలు మిగిలిందేమో చూసి నా ముందే తీసేయమంటాను. చెడిపోయిన కాగితాలు కూడా తెచ్చుకుంటాను, లేకపోతే సాయంత్రానికి పక్క బండిలో బజ్జీల పొట్లాలవుతాయి.

మొదటిసారి పెన్సిలు పట్టుకోకండి

ఒక్కటే చేయండి. చదువుతూ ఎక్కడ లేచారో అక్కడ కాగితం మూల మడవండి. కాఫీకి లేచినా, ఫోను చూసినా, నిద్ర వచ్చినా సరే. ఫలానా ప్రకరణంలో వేగం తగ్గింది అని నాలుగు పేరాల విమర్శ రాసే బదులు "64, 71, 73 పేజీల దగ్గర లేచాను, 110 నుంచి చివరి దాకా లేవలేదు" అని చెబితే రచయితకు అంతా తెలిసిపోతుంది. ఎందుకు లేచారో మీరు చెప్పనవసరం లేదు. చాలాసార్లు మీ కారణం తప్పై ఉంటుంది, లేచిన చోటు మాత్రం నిజం.

రెండోసారి ఎవరికైనా వినిపించండి

మన జిల్లాల్లో ఉన్న వింత, అదృష్టం రెండూ ఇదే. బడిలో ఒడియా చదువుకుని, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు బరంపురం నుంచి రాయగడ దాకా ఎంతోమంది. మహారాష్ట్రలోని సిరోంచ, దెగ్లూరు వైపు మరాఠీతో అదే కథ. తెలుగు అక్షరం కూడబలుక్కుని చదువుతారు, కొందరు అదీ చదవలేరు. చెవి మాత్రం పాము చెవి. కాగితం మీద అచ్చుతప్పు కనబడని చోట కూడా ఆ చెవికి అపశ్రుతి వినబడుతుంది.

మా పిన్ని అలాంటిదే. పోయిన ఏడాది ఒక నవల ప్రూఫు ఆమెకు రోజూ మధ్యాహ్నం చదివి వినిపించాను. ఆమె చాటలో మినుములు పోసుకుని రాళ్ళు ఏరుతూ వింటుంది. కథ పర్లాకిమిడి పక్క పల్లెలో జరుగుతుంది. ముసలావిడ పొలం నుంచి వచ్చిన మనవడికి "రాగి అంబలి పోశాను, తాగరా" అంటుంది. పిన్ని చేయి చాటలో ఆగిపోయింది.

"ఆ ముసలమ్మది ఏ ఊరు?" అంది.

"మన పక్కదే అని రాశాడు పిన్నీ."

"మన పక్కావిడ రాగులు అనదురా. చోళ్ళు అంటుంది. చోడి అంబలి. రాగి అన్నదంటే ఏ బెంగుళూరులోనో కొడుకు దగ్గర ఉండి వచ్చిందన్నమాట. అలా రాశాడా?"

అలా రాయలేదు. ఆ ముసలమ్మ జీవితంలో ఊరు దాటలేదని పదకొండో పేజీలోనే ఉంది. ఆ పేజీని, ఈ పేజీని నేను ఒంటరిగా అంతకు ముందే చదివాను, నాకు తట్టలేదు. నేను కూడా పత్రికల తెలుగు చదివీ చదివీ రాగులవాణ్ణి అయిపోయాను.

వినిపించేటప్పుడు ముఖం చూడండి. మీరు అడిగితే "బాగుంది" అంటారు. అడగకపోతే చేయి ఆగుతుంది, కనుబొమ్మ లేస్తుంది, లేకపోతే మధ్యలో పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి. కాగితం వెనక రాసుకోండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పినదీ, ఇక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకున్నదీ ఈ పర్లాకిమిడిలోనే. ముసలమ్మ మాటను ముసలమ్మ నోటితోనే పలికించమనడానికి ఈ ఊరివాడికి ఆ మాత్రం చనువు ఉందనుకుంటాను. నవలలో సవర మాటలు ఉంటే మాత్రం మీరు ఊహించకండి. సవర మాట్లాడేవారిని అడిగి రాయండి.

ఇప్పుడు పెన్సిలు

తెలుగు ప్రూఫులో తప్పులకు వాటి అలవాట్లు వాటికి ఉన్నాయి. ద, ధ, థ ఒకదాని చోట ఒకటి కూర్చుంటాయి. ప, వ కలిసిపోతాయి. ఎత్వం ఏత్వమవుతుంది, ఏత్వం ఎత్వమవుతుంది. అన్నిటికన్నా ప్రమాదం, తప్పు పడినా అది మరో మంచి మాటే అయి కూర్చోవడం. "తెల్లవారుజామున ఆమె అతని మెడ మీద నిలబడి ఉంది" అన్న వాక్యం ముగ్గురు చదివిన తరువాత నా దగ్గరికి వచ్చింది. మేడ అని చదువుకుంటూ వెళ్ళిపోయారు ముగ్గురూ. కథలో పడితే కన్ను తనకు కావలసిన అక్షరాన్ని తనే వేసుకుంటుంది. అందుకే ఈసారి కథ వెంట వెళ్ళకుండా చివరి ప్రకరణం నుంచి వెనక్కి రండి. వాక్యం కింద స్కేలు పెట్టుకోండి.

పుస్తకం "అను" అనే పాత రకం, యూనికోడ్ కాని ఫాంట్లలో కూర్చినదైతే పీడీఎఫ్‌లో మాట వెతికితే దొరకదు. పాత్ర పేరు రమణమ్మ ఎక్కడ రవణమ్మ అయిందో కంటితోనే పట్టుకోవాలి. పేర్లన్నీ వేరే కాగితం మీద పేజీ అంకెలతో రాసుకోండి. ఆ పాఠాన్నే ఈబుక్ కోసం యూనికోడ్‌లోకి మారిస్తే కొన్నిచోట్ల ఒత్తులు తారుమారవుతాయి, పొల్లు హల్లులు పక్క అక్షరానికి ఒత్తులా అతుక్కుంటాయి. మల్కన్‌గిరి "మల్కన్గిరి" అయిపోయి కనబడితే, అలాంటివి ఇంకా ఉన్నాయని అర్థం.

ఒడియా, మరాఠీ మాటలు మన సొంత ఇలాకా. రెండు భాషల్లోనూ ళ ఉంది. దూరాన ఉన్న రచయిత ఆ మాటను ఇంగ్లీషు అక్షరాల్లో చూసి రాస్తాడు కాబట్టి ళ కాస్తా ల అవుతుంది. చద్దన్నానికి ఒడియా మాట పఖాళ, పుస్తకాల్లో పఖాల. మన లిపిలో హాయిగా ళ పెట్టుకుని కూడా ఈ తప్పు రాయడం నాకు మింగుడు పడదు.

ఊళ్ళు, తేదీలు

ఇక్కడ తొందరపడకండి. మీ విలువంతా ఈ భాగంలోనే ఉంది. నేను ఎప్పుడూ సరిచూసేవి కొన్ని చెబుతాను.

ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. అంతకు ముందు పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది, కొరాపుట్, జయపురం వైపు విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. 1930లో జరిగే కథలో నాయకుడు "ఒడిశా సరిహద్దు దాటి" పర్లాకిమిడికి వస్తే, ఆ సరిహద్దు ఇంకా పుట్టలేదని రాయండి. గజపతి, రాయగడ జిల్లాలు 1992 అక్టోబరులో ఏర్పడ్డాయి. ఇంగ్లీషులో ఒరిస్సా అధికారికంగా ఒడిశా అయింది 2011లో. 1970ల నాటి గుమాస్తా ఇంగ్లీషులో అర్జీ రాస్తూ ఒడిశా అని రాయడు. నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వచ్చింది 1900లో. 1885లో దాని కూత వినబడకూడదు. మహారాష్ట్ర పక్కవాళ్ళకు: నాందేడు 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో, ఆ తరువాత బొంబాయి రాష్ట్రంలో ఉంది. మహారాష్ట్ర అన్న రాష్ట్రం 1960 మే 1న వచ్చింది. సిరోంచ ఉన్న గడ్చిరోలి జిల్లా 1982 దాకా లేనే లేదు, అప్పటి దాకా అది చంద్రపూర్. డబ్బు సంగతి అందరికీ ఒకటే: 1957 ఏప్రిల్‌కు ముందు రూపాయికి పదహారు అణాలు, నయాపైసలు లేవు.

పేర్లతో ఇంకో తంటా. మనం బరంపురం అంటాం. ఒడియాలో బ్రహ్మపుర, రైల్వే బోర్డు మీద అదే. ఇంగ్లీషులో బెర్హంపూర్. ఒక ప్రయాణ గ్రంథం ప్రూఫులో ఈ మూడూ మూడు వేరే ఊళ్ళలా వచ్చాయి. దాన్ని పశ్చిమ బెంగాల్‌లోని బహరంపూర్‌తో కలిపేసినవాళ్ళూ ఉన్నారు. అదే బరంపురంలో ఠాకురాణి యాత్ర రెండేళ్ళకు ఒకసారి జరుగుతుంది. వరుసగా రెండు వేసవుల్లో నాయికానాయకులు ఆ యాత్రలోనే కలుసుకుంటే కథ ఒక ఏడాది అబద్ధమాడినట్టు.

చెప్పడం

రెండు కాగితాలు పంపండి, కలపకండి. మొదటిదానిలో తప్పులు మాత్రమే:

పుట 11, 38: రాగి అంబలి. చోడి అంబలి కావాలి. (ఇక్కడివారి వాడుక.)
పుట 52, పై నుంచి 6వ పంక్తి: మెడ. మేడ.
పుట 90: 1930 నాటికి ఒడిశా సరిహద్దు లేదు.

పంక్తి అంకె వేయడం మరచిపోకండి. డీటీపీ చేసే, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చే అమ్మాయి కథ చదవదు, అంకె చూసి అక్కడికి వెళ్తుంది. మీకు రూఢిగా తెలియని దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. రూఢిగా తెలిసినదానికి ఎలా తెలుసో ఒక్క మాట రాయండి.

రెండో కాగితం మీ అభిప్రాయం, అది అరపేజీ మించకూడదు. లేచిన చోట్లు, లేవని చోట్లు, అర్థం కాని చోట్లు. "నేనైతే ఇలా రాసేవాణ్ణి" అన్న వాక్యం చేతికి వస్తే చేయి వెనక్కి తీసుకోండి. మీరైతే మీ పుస్తకంలో అలాగే రాయండి. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి, అది రచయితకు మాత్రమే చెప్పండి. వెనక అట్టకు మాట అడిగితే, పుస్తకం నచ్చని పక్షంలో "తప్పుల వరకే చూశానండి" అని తప్పుకోవచ్చు. ఈ మాట నన్ను రెండుసార్లు కాపాడింది.

విడుదలయ్యేదాకా, అయ్యాక

విడుదల తేదీ దాకా నోరు మెదపకండి. ముఖచిత్రం ఫోటో కూడా అడిగి పెట్టండి. సమీక్ష రాయదలిస్తే అచ్చయిన పుస్తకం చేతికి వచ్చేదాకా ఆగి, ఉదహరించే ప్రతి వాక్యాన్నీ అందులో సరిచూసుకోండి, ప్రూఫులో ఉన్నది తీసేసి ఉండవచ్చు. ప్రతి ఉచితంగా అందిందనీ, అచ్చుకు ముందు చదివారనీ సమీక్షలోనే చెప్పండి. ప్రూఫు ప్రతిని అమ్మకండి. గ్రంథాలయానికి ఇవ్వాలనిపిస్తే కొన్న పుస్తకం ఇవ్వండి, తప్పుల ప్రతి అక్కడ అర్ధశతాబ్దం బతుకుతుంది.

నేను అచ్చు పుస్తకం రాగానే నా మొదటి కాగితం పక్కన పెట్టుకుని పేజీ పేజీ చూస్తాను. ఎన్ని తీసుకున్నారు అని లెక్కపెట్టడానికి కాదు అని అందరితో అంటాను గానీ, లెక్కపెడతాను. ఆ నవలలో మేడ మేడే అయింది. సరిహద్దు పోయింది. పిన్నిని కూర్చోబెట్టి పదకొండో పేజీ నుంచి మళ్ళీ చదివాను. ముసలమ్మ "చోడి అంబలి పోశాను, తాగరా" అంది. పిన్ని తల ఎత్తలేదు, చేయి ఆగలేదు, మినుములు ఏరుతూనే ఉంది.

ప్రూఫు కాగితాలు విడుదలైన మర్నాడు ఆమెకే ఇచ్చేశాను. నా రాతలు పడని చోట వెనక వైపు ఖాళీగా ఉంటుంది కదా, పాల లెక్క రాసుకుంటోంది.